నూనె గిన్నెలో అక్క

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళుమంట. తెనాలిలో ఒక కళ్ళజోళ్ళ షాపులో ఇరవై ఏళ్ళకి పైగా పనిచేస్తున్నాను. చీకట్లో తెల్లచీర కనిపించిందని హడలిపోయి వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, బోర్డు మీద అక్షరాలు చదివించి, సైటుందని తేల్చి పంపించినదాన్ని. జోడు పెట్టుకున్నాక ఆ తెల్లచీర మళ్ళీ కనిపించిందని ఒక్కరూ తిరిగి రాలేదు. కాబట్టి ఇది చదివి మా షాపులో వాళ్ళు నవ్వుకుంటే నాకేం కోపం లేదు. వాళ్ళ చోట నేనున్నా నవ్వేదాన్నే.

నా పేరు విజయ. వయసు యాభైకి దగ్గర పడింది. నేను పుట్టిన రోజే మా అమ్మ పోయింది. నాన్న నా ఆరో ఏట పోయాడు. నన్ను పెంచింది మా మేనత్త, అంటే నాన్న అక్క. పిల్లల్లేకుండానే మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషి. నాన్న ఉద్యోగం ఏలూరులో కావడంతో నా చిన్నతనమంతా అక్కడే గడిచింది. పెళ్ళయ్యాక నేను పుట్టిన తెనాలికే మళ్ళీ వచ్చాం, మేనత్త కూడా మాతోనే వచ్చింది. నా భర్త పోయి పదేళ్ళు దాటింది. మాకు పిల్లల్లేరు. పోయిన వేసవిలో మేనత్త కూడా వెళ్ళిపోయింది.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఇద్దరం ఏదో ఒకదానికి పోట్లాడుకుంటూనే ఉండేవాళ్ళం. ఆవిడ పోయాక పోట్లాడటానికి మనిషి లేదు. షాపు నుంచి వచ్చి తాళం తీస్తే, పొద్దున తాగి వదిలేసిన కాఫీ గ్లాసు పెట్టినచోటే ఉండేది. కుక్కర్ కూతేస్తే "వస్తున్నా" అని పైకే అనేదాన్ని. ఆ ఇంట్లో ఆ పూటకి అదే మాట. ఏడుపు కూడా వచ్చేది కాదు, ఏడిస్తే ఎందుకని అడిగేవాళ్ళు ఉండాలి కదా.

నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే కోరిక, అమ్మ మొహం చూడాలని. మా ఇంట్లో అమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు. ఎలా ఉండేదని మేనత్తని అడిగితే "బాగుండేది" అనేది. ముక్కెలా ఉండేది, కళ్ళెలా ఉండేవి అంటే "అందరికీ ఉన్నట్టే ఉండేవి, పోయి చదువుకో" అని కసిరేది. అమ్మ తరపు వాళ్ళెవరని అడిగితే ఎవరూ మిగల్లేదనేది. రోజంతా ఊళ్ళోవాళ్ళ మొహాలు కొలిచి జోళ్ళు బిగించే పని నాది. కన్నతల్లి మొహం మాత్రం నాకు తెలియదు.

మేనత్త కర్మకాండలకి వచ్చిన మా పెదనాన్న కొడుకు హైదరాబాదు తిరిగి వెళ్ళాక మా వంశవృక్షం తయారుచేశాడు. ఎక్కడెక్కడి పాత కాగితాలూ తెచ్చి, పెద్దవాళ్ళని అడిగి, ఏడు తరాలు పట్టుకున్నాడు. తప్పులుంటే చెప్పమని అందరికీ ఫోన్లో పంపించాడు. నేను నా పేరు వెతుక్కుంటూ మా నాన్న దగ్గరికొచ్చి ఆగాను. పక్కన "భార్య: నాగరత్నం" అని ఉంది. అంతే. ఎవరి కూతురో లేదు, ఏ ఊరో లేదు. మళ్ళీ మొదటి నుంచీ చూశాను. ఏడు తరాల్లో ఏ కోడలికీ అంతకన్నా లేదు. కొందరికి పేరు కూడా లేదు, "భార్య" అని మాత్రం ఉంది.

వాడికి ఫోన్ చేసి, "ఏరా, ఈ ఆడవాళ్ళంతా ఆకాశంలోంచి ఊడిపడ్డారా?" అని అడిగాను.

"పాత కాగితాల్లో అంతే ఉంటుందక్కా, నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు. వాడి తప్పేం లేదు. అయినా నాలుగు తిట్టి ఫోన్ పెట్టేశాను.

ఆ కోపంలోనే ఆ ఆదివారం అటక సర్దడానికి ఎక్కాను. పైన అన్నీ ఇత్తడి, కంచు సామాన్లు. ఒక్కొక్కటే దించి దుమ్ము తుడుస్తుంటే వాటి మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేర్లు కనబడ్డాయి. మా నాయనమ్మకి ఆవిడ అన్న పెట్టిన కాగు. మేనత్తకి ఆవిడ మేనమామ పెట్టిన పళ్ళెం. ఎవరి పెళ్ళికి ఎవరిచ్చారో, ఏ వరసో, ఏ ఊరో, అన్నీ కొట్టించి ఉన్నాయి. మావాడి ఏడు తరాల్లో లేని పుట్టిళ్ళన్నీ మా అటక మీద ఉన్నాయి. వంటింటి సామాను ఎవరు చదువుతారు?

అన్నిటికన్నా లోపల, గోనెపట్టాలో చుట్టి ఒక బిందె ఉంది. మిగతావన్నీ మేనత్త పండగలకి దింపి చింతపండు పెట్టి తోమించేది. ఇది దింపగా నేనెప్పుడూ చూడలేదు. నల్లబడిపోయింది. అంచు రుద్దితే అక్షరాలు పైకొచ్చాయి. "చి.ల.సౌ. నాగరత్నం పెండ్లికి పెద్దమ్మ వెంకాయమ్మ, బాపట్ల." పక్కనే ఇంటిపేరు కూడా ఉంది. అది ఇక్కడ రాయను.

నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. అమ్మకి ఒక పెద్దమ్మ ఉంది. ఎవరూ లేరని నాకు నలభై ఏళ్ళు చెప్పారు.

మరుసటి ఆదివారం రైలెక్కి బాపట్ల వెళ్ళాను. ఇంటిపేరు చెప్పి నాలుగు వీధులు అడిగితే ఇల్లు దొరికింది. వెంకాయమ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ కోడలు ఉంది, అరవై దాటిన మనిషి. ఎండలో వచ్చావని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. నాగరత్నం అనే ఆవిడ గురించి వచ్చానని మాత్రం చెప్పాను.

"నాగరత్నమా? మా అత్తగారి చెల్లెలి కూతురమ్మా. నేను కాపురానికి రాకముందే పురిట్లో పోయిందంట. బిడ్డ కూడా దక్కలేదంట పాపం. మా అత్తగారు ఎప్పుడూ చెప్పుకుని బాధపడేది," అంది.

మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని, "ఆ బిడ్డని నేనేనండి," అన్నాను.

ఆవిడ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని చూసింది. వేడిగా ఉందో లేదో చూసుకుందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. అమ్మ ఫొటో ఏదైనా ఉందా అని అడిగాను. పెళ్ళిలో తీసినవి అమ్మ పుట్టింట్లోనే ఉండేవనీ, ఉప్పెన నీళ్ళు ఇంట్లోకొచ్చినప్పుడు పెట్టెతో సహా పాడైపోయాయనీ చెప్పింది. అమ్మకి ఒక తమ్ముడున్నాడనీ, కోటేశ్వరరావనీ, రేపల్లె దగ్గర నగరం అనే ఊరు దాటాక ఒక పల్లెలో ఉంటాడనీ చెప్పింది. ఫోన్ నంబరు తన దగ్గర లేదంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. నాకొక మేనమామ ఉన్నాడు. ఆయన లెక్కలో నేను పుట్టిన రోజే చచ్చిపోయాను. ఎవరికైనా చెబుదామంటే ఇంటి దగ్గర ఎవరూ లేరు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే రేపల్లె రైలెక్కాను. అక్కడి నుంచి నగరం దాకా బస్సు, నగరం నుంచి ఆటో. ఆటో నిండా పూలూ, కూరగాయల సంచులూ పట్టుకుని జనం ఉన్నారు. ఏంటి ఇవాళ ఇంత హడావిడి అని పక్కావిడని అడిగితే, "పెద్దల అమావాస్య కదమ్మా, తెలీదా?" అంది. నిజంగా తెలియదు. మేనత్త పోయి ఏడాది తిరగలేదు, మా ఇంట్లో ఆ తంతులు చేసే మగవాళ్ళూ లేరు. చనిపోయినవాళ్ళకి కొత్తబట్టలు పెట్టి, వాళ్ళ పేరు చెప్పి వండి వడ్డించే రోజు. నాకు సెలవు దొరికింది కాబట్టి వెళ్ళాను, అంతే.

ఇల్లు రోడ్డు మీదే ఉంది. పెంకుటింటికి ముందు సిమెంటు వసారా దించారు. మిట్టమధ్యాహ్నం. వసారాలో గోడకి చేర్చి పీట వేసి, దాని మీద చీర మడత, పసుపు, కుంకుమ, గాజులు పెట్టారు. ముందు దీపం వెలుగుతోంది. ఒక పెద్దాయన బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒళ్ళో ఉన్న కంచు గిన్నెలోకి వంగి చూస్తున్నాడు. నేను గేటు తీసిన చప్పుడుకి తలెత్తాడు.

ఆయన భయపడలేదు. ఈ మాట నేను గట్టిగా చెప్పగలను, మనుషుల కళ్ళు చూడటమే నా పని. ఆయన కళ్ళలో భయం లేదు. గిన్నెలోకి ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"అక్కా," అన్నాడు. "నడిచే వచ్చావా?"

అరవై దాటిన మనిషి, జుట్టంతా తెల్లబడిన మనిషి, నన్ను అక్కా అన్నాడు. గరిటె పట్టుకుని లోపల్నుంచి వచ్చిన ఆయన భార్య నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ పేరు సీతమ్మ. ఆవిడ మాత్రం భయపడింది.

నేను గేటు దగ్గరే నిలబడి చెప్పాల్సింది చెప్పేశాను. నాగరత్నం కూతుర్ననీ, పోలేదనీ, తెనాలిలో ఉంటున్నాననీ.  మామయ్య గిన్నె కింద పెట్టి నా దగ్గరికొచ్చి, మొహంలో మొహం పెట్టి చూసి, నా చేతిలో సంచి తీసుకుని లోపలికి నడిచాడు.

తర్వాత మామయ్య చెప్పింది ఇది. అప్పుడు ఆయనకి పద్నాలుగేళ్ళు. ఆ ఇంటికి ఒక్కడే మగపిల్లాడు. అమ్మని పురిటికి తీసుకురావడానికి ఇంకా నెల ఉండగానే, ఎనిమిదో నెలలోనే తెనాలిలో నొప్పులు వచ్చాయి. వానలకి దారులు తెగిపోయి ఇక్కణ్ణుంచి ఎవరూ వెళ్ళలేకపోయారు. రెండోనాడు ఒక మనిషి కబురు తెచ్చాడు. అమ్మ పోయింది. ఆడపిల్ల పుట్టింది, పేగు మెడలో వేసుకుని పుట్టింది.

పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకి గండం అంటారు. మామూలుగా చూడకూడదు, ముందు నూనెలో పిల్ల నీడ చూసి, ఆ తర్వాతే మొహం చూడాలి. మా అమ్మమ్మ కూతురి కోసం ఏడుస్తూనే కంచు గిన్నెలో నువ్వులనూనె పోసి సిద్ధంగా పెట్టింది. తాతయ్య ఎలాగో నీళ్ళల్లో పడి తెనాలి చేరాడు. పిల్లని తీసుకొస్తాడని వీళ్ళంతా ఎదురుచూశారు. ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు. పిల్ల కూడా పోయిందని మా మేనత్త చెప్పిందట.

"మా నాన్న మీ ఇంటి గుమ్మంలోంచే వెనక్కొచ్చేశాడమ్మా. చూపించడానికి బిడ్డ కూడా లేదు, పూడ్చేశామని చెప్పింది మీ అత్త," అన్నాడు మామయ్య.

నేను ఆ సమయంలో పక్కింట్లో ఉండి ఉంటాను. మేనత్త ఎందుకు అలా చెప్పింది? ఒక్కడే కొడుకున్న ఇంటికి గండం పంపకూడదని అనుకుందా? లేక పిల్లల్లేని మనిషి, తల్లిలేని బిడ్డ ఒళ్ళో పడితే ఇవ్వబుద్ధి కాలేదా? నాకు రెండోదే నిజమనిపిస్తుంది. నాన్న ఎందుకు ఊరుకున్నాడో మాత్రం తెలియదు. మేనత్త మీద కోపమొచ్చింది. ఆ వెంటనే, నాకు జ్వరమొస్తే రాత్రుళ్ళు కూర్చున్న మనిషి కూడా ఆవిడేనని గుర్తొచ్చింది. పోట్లాడదామంటే ఆవిడ లేదు.

అప్పటి నుంచీ ఏటా అమావాస్య నాడు అమ్మమ్మ మా అమ్మకి చీర పెట్టేది. పసిబిడ్డలకి అలా పెట్టరట. అంటే చనిపోయినవాళ్ళలో కూడా నా లెక్క లేదు. అమ్మమ్మ పోయాక ఆ పని మామయ్య మీద పడింది. మొదటి ఏడు దీపంలోకి నూనె వంపుదామని ఆ కంచు గిన్నె తీసుకుంటే, అందులో అక్క మొహం కనిపించిందట. ఆఖరిసారి చూసినప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే.

అది విని నేను షాపులో మాట్లాడినట్టే మాట్లాడాను. నూనెలో ఎవరి మొహం వాళ్ళకి కనబడుతుంది మామయ్యా, అక్కాతమ్ముళ్ళకి పోలికలుంటాయి కదా అన్నాను. ఆయన వాదించలేదు. మీసం మీద చెయ్యి వేసుకుని నవ్వాడు.

అప్పుడు సీతత్తయ్య అందుకుంది. నన్ను చూసిన భయం వదిలి ఆవిడకి మాటలు వచ్చాయి.

"అదేనమ్మా నేనూ అన్నా. వింటేగా! ఏడాదికో చీర కొంటాడు, నా రంగు అడగడు. అక్క మొహానికి ఏది నప్పుద్దో గిన్నెలో చూసి, మరుసటేడుకి అది కొంటాడు. కట్టుకునేది నేనేగా, నా ఖర్మ. ఒక ఏడు చూసి అక్క కళ్ళజోడు పెట్టిందే అన్నాడు. చచ్చిపోయినోళ్ళకి చత్వారం ఏంటండీ, ఊళ్ళో ఎవరన్నా వింటే నవ్వుతారు అన్నా. ఇంకో ఏడు, కనుబొమ్మ మీద దెబ్బ తగిలిందే, కుట్లు పడ్డాయే అని అన్నం మానేసి కూర్చున్నాడు."

నేను జోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. నాకు సైటు వచ్చింది ముప్ఫై దాటాక. షాపులో అద్దాలు అరగదీసే యంత్రం దగ్గర ఒక ముక్క ఎగిరొచ్చి ఎడమ కనుబొమ్మ తెగింది. ఆ మచ్చ జోడు ఫ్రేము కింద ఉంటుంది, తీస్తే గానీ కనబడదు.

మామయ్య ఆ మచ్చ చూసి, "ఇటుపక్క కాదే, కుడి కనుబొమ్మకి కదా ఉండాల్సింది," అన్నాడు.

 కుడి అన్నాడు కాబట్టి ఊరికే చెప్పాడని ఎవరైనా అనుకోవచ్చు. అద్దాల మధ్య బతికే మనిషిని, నేనలా అనుకోలేకపోయాను. అద్దంలో నన్ను నేను చూసుకుంటే నా ఎడమ కనుబొమ్మ అద్దంలో ఎడమ పక్కనే ఉంటుంది. అదే బొమ్మని వేరేవాళ్ళు చూసి, ఎదురుగా మనిషి ఉందనుకుంటే, అది కుడి కనుబొమ్మ అనుకుంటారు. ఆ గిన్నెలో ఆయన చూసింది నన్ను ఎదురుగా చూస్తే కనిపించే మొహం కాదు. నేను పొద్దున్నే తల దువ్వుకుంటూ అద్దంలో చూసుకునే మొహం.

సీతత్తయ్య ఇంకా చెబుతూనే ఉంది. ఒక ఏడు గిన్నె చూసి ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడట. ఏంటండీ అంటే, అక్క బొట్టు చెరిపేసుకుంది అన్నాడట. పుణ్యస్త్రీగా పోయిన మనిషికి బొట్టు చెరగడమేంటని ఆవిడ మండిపడిందట. అయినా ఆయన ఆ ఏడు పీట మీద కుంకుమ పెట్టనివ్వలేదు, మరుసటేడుకి రంగు చీరా కొనలేదు. ఆ మరుసటేడు, చిన్న బొట్టు పెట్టుకుందని వీధిలో అందరికీ చెప్పి నవ్వులపాలయ్యాడట.

నా భర్త పోయాక ఏడాది పాటు నేను బొట్టు పెట్టుకోలేదు. తర్వాత ఒక రోజు, ఎవరి కోసం మానేశానో నాకే అర్థంకాక, చిన్న స్టిక్కర్ పెట్టుకుని షాపుకి వెళ్ళాను. ఆ రోజు షాపులో ఎవరూ అది గమనించలేదు. గమనిస్తారేమో అని సాయంత్రం దాకా చూశాను. ఎవరూ చూడలేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

అప్పుడు ఏడ్చాను. చాలా కాలం తర్వాత, ఎందుకమ్మా అని అడిగే మనుషుల ముందు కూర్చుని ఏడ్చాను. కాస్త తేరుకున్నాక, "మా అమ్మ నిజంగా ఇలాగే ఉండేదా మామయ్యా?" అని అడిగాను.

"ఇలాగేంటమ్మా, ఇదే. ఇదే మొహం," అన్నాడు.

అద్దంలో రోజూ చూసుకునే మొహమే. యాభై ఏళ్ళు దాని కోసమే వెతికాను. గండం సంగతేంటి, నన్ను తిన్నగా చూసేశారుగా అని నేను నవ్వబోతే, "పాతికేళ్ళు నూనెలో చూశాక ఇంకేం గండమమ్మా!" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. అంతలోనే ఆయన మొహం మారిపోయింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పీట వైపు, చీర వైపు, గిన్నె వైపు చూశాడు.

"అయితే ఇన్నేళ్ళూ కనిపించింది అక్క కాదా?" అన్నాడు.

  ఆయన గిన్నె ఎత్తి మళ్ళీ చూశాడు. నేనూ పక్కనుంచి వంగి చూశాను. ఆయన తెల్లమీసం, నా జోడు, వెనక వసారా కప్పు కనిపించాయి. ఇంకేం లేవు. ఆయన గిన్నె దించి, లేచి దొడ్లోకి వెళ్ళిపోయాడు.

చాలాసేపు రాలేదు. అత్తయ్య విస్తళ్ళు వేసి రెండుసార్లు పిలిచింది. పలకలేదు. నేను వెళ్ళాను. గేదెల పాక పక్కన మంచం మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడు.  ఒక మేనమామని సంపాదించుకుందామని వచ్చాను. వచ్చి ఆయనకున్న ఒక్క అక్కనీ లేకుండా చేశాను. ఆయన ఇన్నేళ్ళూ అక్కతో ఉన్నాడు. ఇప్పుడు ఆయనా నాలాగే అయిపోయాడు.

నేను వచ్చినట్టు ఆయనకి తెలియదు. నెమ్మదిగా, గేదెలకి కూడా వినబడనంత నెమ్మదిగా, "అక్కా," అన్నాడు. అది నన్ను పిలవడం కాదని నాకు తెలుసు.

భోజనానికి రండి మామయ్యా అందామని నోరు తెరిచాను. ఆ మాట నాలుక మీదే ఉంది. నా నోట్లోంచి వచ్చింది ఇది.

"ఏంట్రా పిచికా. అన్నం చల్లారిపోతంది, లే."

పెద్దవాళ్ళని ఏరా అనడం నాకు అలవాటు లేదు. చల్లారిపోతంది అని నేననను, చల్లారిపోతోంది అంటాను. పిచికా అని నా జన్మలో ఎవర్నీ పిలవలేదు. ఆయన ఇటు తిరిగాడు. తిరుగుతూనే లేచి నిలబడిపోయాడు.

"ఆ పేరు నీకెవరు చెప్పారు?" అన్నాడు.

నేను అత్తయ్య వైపు చూశాను. పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడకీ ఆ పేరు కొత్తేనని ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది. చిన్నప్పుడు బక్కగా ఉండేవాడినని అక్క ఒక్కతే అలా పిలిచేదని చెప్పాడు. అదీ ఇద్దరూ ఉన్నప్పుడే, వాళ్ళమ్మ వింటే మగపిల్లాడికి ఆ పేరేంటని తిట్టేదట. అక్క పోయాక ఆ పేరు ఎవరూ పిలవలేదు. పెళ్ళాంతో కూడా ఎప్పుడూ చెప్పుకోలేదట.

ఇంకేం అడగలేదు. లోపలికొచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. అత్తయ్య వడ్డించబోతే వద్దని, నా వైపు చూశాడు. నేనే వడ్డించాను. అన్నం రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాడు. ఆయన అంత తిని చాలా రోజులైందని అత్తయ్య తర్వాత నాతో చెప్పింది.

బక్కపిల్లల్ని పిచిక అని ఎవరైనా అంటారు, ఎక్కడో విని ఉంటానని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. గిన్నె సంగతికి కూడా ఏదో ఒకటి చెప్పుకోవాలని చూశాను. నా చదువూ నా పనీ ఎంత దూరం వస్తాయో అంత దూరం ఆలోచించాను. అంతకు మించి వెళ్ళలేకపోయాను. మామయ్య ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు, తిన్నావా అమ్మా అంటాడు. ఆ పేరు మళ్ళీ పిలవమని ఆయన అడగలేదు. ఒకసారి నేనే పిలుద్దామని చూశాను, గొంతు రాలేదు. వేరేవాళ్ళ వస్తువు ముట్టుకున్నట్టు అనిపించింది.

ఆ మధ్యాహ్నం దొడ్లో వినిపించిన మాట నా నోటి వెంటే వచ్చింది, అందులో సందేహం లేదు. గొంతు మాత్రం నాదిలా లేదని అత్తయ్య అంటుంది. నేను అమ్మ మొహం చూద్దామని వెళ్ళాను. గొంతు కూడా విన్నానా లేదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.